వెండి రేకుల మీద హీబ్రూ దీవెన: కెతెఫ్ హిన్నోమ్ కథ

బైబిల్లోని పాత నిబంధన ఎప్పటిదన్న చర్చలో రెండు చిన్న వెండి రేకుల ప్రస్తావన తప్పకుండా వస్తుంది. జెరూసలేం పాత నగరానికి నైరుతి దిక్కున, హిన్నోమ్ లోయ అంచున కెతెఫ్ హిన్నోమ్ అనే చోట 1979లో అవి దొరికాయి.

పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ అక్కడ రాతిలో తొలిచిన సమాధులను తవ్విస్తున్నారు. చాలా గదులు ఎప్పుడో దోపిడీకి గురయ్యాయి. ఒక గదిలో మాత్రం శవాలను పడుకోబెట్టే అరుగు కింద ఎముకలు, వస్తువులు పోగేసే అర ఉంది. దాన్ని రాతి పెచ్చులు కప్పేయడంతో దొంగల కంట పడలేదు. సాయానికి వచ్చిన పిల్లల్లో ఒక కుర్రాడు సుత్తితో కొడితే ఆ పొర పగిలిందని బర్కాయ్ చెప్పారు. లోపల వెయ్యికి పైగా వస్తువులు, వాటిలో చుట్టచుట్టిన రెండు వెండి రేకులు. మన తాయెత్తులో పెట్టే రేకులాంటివే ఇవి. మధ్యలో దారం పట్టేంత బోలు ఉంది.

విప్పాక పెద్దది సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, చిన్నది 4 సెంటీమీటర్లు. పెళుసుబారిన వెండి విరిగిపోకుండా విప్పడానికి ఇజ్రాయెల్ మ్యూజియం నిపుణులకు దాదాపు మూడేళ్లు పట్టింది. లోపల సన్నని మొనతో గీసిన పాత హీబ్రూ అక్షరాలు కనిపించాయి. దేవుడి పేరు నాలుగు అక్షరాల్లో స్పష్టంగా ఉంది. దాంతోపాటు పాత నిబంధనలోని సంఖ్యాకాండము అనే పుస్తకంలో, 6వ అధ్యాయంలోని యాజకుల (పూజారుల) దీవెన: "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక." తెలుగు క్రైస్తవులకు కంఠతా వచ్చిన మాటే. చిన్న రేకులో అది బైబిల్లో కన్నా పొట్టిగా ఉంది. ముఖకాంతి ప్రసరించాలన్న మాట నుంచి నేరుగా సమాధానం (శాంతి) అన్న మాట దగ్గరికి వెళ్లిపోతుంది. నాకైతే ఆ తేడానే చాలా విలువైనదనిపిస్తుంది. జనం నోట్లో నలిగిన దీవెనను అందులో చూడొచ్చు.

లిపిని బట్టి బర్కాయ్ వీటిని క్రీ.పూ. 7వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదటి కాలానివన్నారు. అంటే బైబిల్ పాత రాతప్రతులుగా పేరున్న మృత సముద్రపు చుట్టల కన్నా సుమారు 400 ఏళ్లు ముందు. కొందరు ఒప్పుకోలేదు, గ్రీకుల కాలానివన్నారు. దాంతో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం రకరకాల కోణాల్లో వెలుతురు వేసి ఫొటోలు తీసింది. అంతకుముందు కనబడని గీతలు తేలాయి. 2004లో వచ్చిన ఆ ఫలితాలు బర్కాయ్ చెప్పిన కాలాన్నే బలపరిచాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దీవెన అంత పాతదని తేలింది గానీ, సంఖ్యాకాండమంతా అప్పటికే పుస్తకంగా ఉందని ఈ రేకులు రుజువు చేయవు. పండితులు ఇంకా వాదించుకునేది దీని మీదే.

తవ్వకంలో దొరకడమే వీటి అసలు బలం. దీనికి భిన్నంగా, ఇజ్రాయెల్ మ్యూజియం 1988లో హీబ్రూ రాత ఉన్న దంతపు దానిమ్మను 5,50,000 డాలర్లకు కొంది. ఎక్కడ దొరికిందో ఎవరికీ తెలియదు. 2004లో నిపుణుల సంఘం దాని మీది రాత ఈ కాలపు నకిలీ అని తేల్చింది. ఆ తీర్పును కాదనే పండితులూ ఉన్నారు. వస్తువు దొరికిన నేల తెలియదు కాబట్టి ఆ వాదన తెగడం లేదు.