రెండో వారంలో యాప్ తీసేయకండి

ఈ వారంలో ఇది మూడో ఫోన్. "సార్, మీరు చెప్పిన నిద్ర యాప్ వల్ల వచ్చే కాస్త కునుకూ పోయింది. తీసేశాను." ఎన్నాళ్లు వాడారమ్మా అంటే పది రోజులంది. నా దగ్గర యాప్ వదిలేసేవాళ్లలో ఎక్కువమంది జారిపోయేది సరిగ్గా ఆ మలుపులోనే. అందుకే ఈ ఒక్క సంగతే తీరిగ్గా రాస్తాను, మిగతావి గబగబా.

అపోహ: యాప్ మొదలుపెట్టాక నిద్ర ఇంకా తగ్గిందంటే అది నాకు పడలేదన్నమాట.

వాస్తవం: మొదటి రెండు మూడు వారాలు పగలంతా మత్తుగా, చిరాగ్గా ఉండటం ఈ చికిత్సలో మామూలే. వాన చప్పుడు వినిపించి జోకొట్టే యాప్‌ల మాట కాదు నేను చెప్పేది, సీబీటీ-ఐ, అంటే మాత్రలు లేకుండా నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే చికిత్స, చేయించే వాటి సంగతి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకన్నా ముందు ఇవ్వమన్నది ఈ సీబీటీ-ఐనే. అందులో అసలు పని చేసేది స్లీప్ రిస్ట్రిక్షన్, అంటే పడకలో ఉండే గంటలు తగ్గించడం, ఏడిపించేదీ అదే.

లెక్క చూడండి. రాత్రి తొమ్మిదిన్నరకు పడక ఎక్కి పొద్దున ఆరున్నరకు దిగుతారు, తొమ్మిది గంటలు. డైరీ చూస్తే నిద్ర ఐదున్నర గంటలే, అంటే పడకలో గడిపిన సమయంలో 61 శాతం. మిగతా మూడున్నర గంటలూ దొర్లడం, గడియారం చూడటం, రేపెలా గడుస్తుందా అని బెంగ. ఇలా నెలల తరబడి సాగితే మంచం చూస్తేనే మెలకువ వస్తుంది. అందుకని యాప్ "ఒంటిగంట దాకా పడుకోకు, ఆరున్నరకల్లా లే" అంటుంది. నిద్ర పట్టనివాణ్ణి మేలుకోమనడం ఏమిటని కోపమొస్తుంది, నిజమే. కానీ ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు కదా, ముందు ఆ నిద్రాకలి పెరగాలి. ఆ శాతం వారం సగటున 85 దాటాక పడకలో ఉండే సమయాన్ని పదిహేను నిమిషాల చొప్పున పెంచుతారు. ఐదు గంటలకన్నా తక్కువకు మాత్రం దించరు.

నేనూ ఒకసారి నా మీదే ప్రయోగం చేసుకున్నాను. నాలుగో రాత్రి పదకొండింటికి కుర్చీలోనే గుర్రు పెడుతుంటే మా ఆవిడ తట్టి లేపి, "పేషెంట్లకు చెప్పేది ఇదేనా?" అంది. అప్పటినుంచి ఎవరికైనా ఈ పద్ధతి చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త దయ వచ్చిందనుకుంటాను.

డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లకు రెండో వారం మరీ కష్టం. మామూలు మనిషి "ఈ వారం బాగాలేదు" అనుకుంటాడు. డిప్రెషన్‌లో ఉన్న మనిషి "ఇది కూడా నావల్ల కాలేదు" అనుకుని యాప్‌తోపాటు ఆశ కూడా తీసేస్తాడు. ఓడిపోయింది మీరు కాదు, అలా ఉంటుందని ముందే చెప్పనిది మేము. ఆస్ట్రేలియాలో నిద్రలేమితోపాటు కొద్దిపాటి డిప్రెషన్ లక్షణాలున్న 1,149 మంది మీద ఇలాంటి ఆరు వారాల ఆన్‌లైన్ కార్యక్రమాన్ని పరీక్షించి 2016లో ఫలితాలు వెల్లడించారు. డిప్రెషన్ లక్షణాలు కూడా తగ్గాయి. ఆరో వారం పరీక్షకు మిగిలింది మాత్రం సుమారు సగం మందే. "ముందు డిప్రెషన్ తగ్గనీ, నిద్ర దానంతటదే వస్తుంది" అనేవాళ్లకూ ఇదే నా జవాబు. రెండూ ఒకదాన్నొకటి మోస్తాయి, రెంటికీ ఒకేసారి వైద్యం చేయొచ్చు.

అందరూ దూకకూడదు కూడా. బైపోలార్ (మనసు ఒకసారి మరీ కుంగి, ఒకసారి మరీ ఉప్పొంగే జబ్బు), మూర్ఛ, నిద్రలో నడిచే అలవాటు ఉన్నవాళ్లు, రాత్రిళ్లు బండి నడిపేవాళ్లు తమంతట తాము నిద్ర గంటలు కోసుకోవద్దు. బైపోలార్‌లో నిద్ర తగ్గడమే మేనియాను, అంటే ఆ ఉప్పొంగే దశను, రేపొచ్చు.

ఇక మిగతావి. యాప్ ఉంది కదా అని డిప్రెషన్ మాత్రలు ఆపేయొచ్చా? వద్దు. అమెరికాలో 2024లో అనుమతి వచ్చిన డిప్రెషన్ యాప్ కూడా మందులతోపాటు వాడేందుకే. చేతికి పెట్టుకునే స్మార్ట్ వాచీ డీప్ స్లీప్ (గాఢ నిద్ర) తక్కువ చూపించిందా? ఆ అంకె మీద బెంగ పెట్టుకోకండి, బెంగే నిద్రకు శత్రువు. ఫోన్ వల్లే నిద్ర పోతుంది కాబట్టి ఫోన్‌లో వైద్యమేమిటని వచ్చే ఫార్వర్డ్‌లకు జవాబివ్వడం మానేశాను. యాప్ ఇచ్చే పాఠం సాయంత్రం చదవాలి, పడకలో కాదు, అంతే. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఏ యాప్ వద్దు. వెంటనే ఒక మనిషికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇలాగే పోయినేడాది పదో రోజున యాప్ తీసేసిన ఇంకొకామెను బతిమాలి మళ్లీ వేయించాను. ఐదు వారాల తర్వాత ఫోన్ చేసింది. "సార్, ఇంకో పదిహేను నిమిషాలు ముందే పడుకోమంటోంది. పాత రాత్రులు మళ్లీ వస్తాయేమోనని భయంగా ఉంది. పడుకోనా?"