కంపెనీలు కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఎప్పుడు మారతాయి? అపోహలు - వాస్తవాలు

కంపెనీల్లో ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాలు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్), అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించడం నా పని. మీటింగుల్లో తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: మంచి టెక్నాలజీ వస్తే కంపెనీలు వాటంతట అవే మారతాయి.

వాస్తవం: గడువు నెత్తి మీదికొస్తే తప్ప చాలామంది కదలరు. 2000 సంవత్సరం దగ్గరపడుతుంటే, ఏడాదిని రెండంకెల్లోనే రాసుకునే పాత ప్రోగ్రాములు లెక్కలు తప్పుతాయన్న భయం పట్టుకుంది. వాటికి రిపేర్లు చేయించడం ఎందుకని ఎన్నో పెద్ద సంస్థలు ఏకంగా ఈఆర్‌పీకి వెళ్లిపోయాయి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఆ తర్వాతా దాన్ని వదలని ఆఫీసులున్నాయి లెండి!

అపోహ: లైసెన్స్‌కి డబ్బు కడితే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని డేటా దగ్గర మొదలవుతుంది. కస్టమర్ల జాబితా తెరిస్తే ఒకే మనిషి మూడుచోట్ల ఉంటాడు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. మూడోచోట 'పాతది, వాడొద్దు' అని రాసి ఉంటుంది, తీరా చూస్తే బాకీ అంతా దాని మీదే ఉంటుంది. వీటిలో ఏది ఉంచాలో ఐటీ వాళ్లు చెప్పలేరు. అకౌంట్స్‌లో ఏళ్లుగా పనిచేస్తున్న ఒకరిద్దరికే తెలుస్తుంది. వాళ్లకేమో నెలాఖరు టెన్షన్. అందుకే ప్రాజెక్టు ఆలస్యమైందంటే నేను ముందు అడిగేది సర్వర్ సంగతి కాదు, వాళ్ల రోజువారీ పని ఎవరైనా పంచుకుంటున్నారా అని.

అపోహ: వయసు పైబడిన ఉద్యోగులే అడ్డు.

వాస్తవం: ఒక్క స్క్రీన్‌లో అయ్యే బిల్లుకి నాలుగు స్క్రీన్లు తిప్పాల్సి వస్తే కుర్రాళ్లు కూడా ఎక్సెల్‌కే పోతారు.

అపోహ: ఎప్పుడు మారాలో కంపెనీ ఇష్టం.

వాస్తవం: పెద్ద కొనుగోలుదారు అడిగితే ఇష్టంతో పనిలేదు. 2005 జనవరి కల్లా పెట్టెలకూ ప్యాలెట్లకూ (పెట్టెలు పేర్చే చెక్క పలకలకూ) ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, అంటే రేడియో తరంగాలతో దూరం నుంచే చదవగలిగే చీటీలు, ఉండాలని అమెరికా రిటైల్ దిగ్గజం వాల్‌మార్ట్ తన టాప్ 100 సరఫరాదారులకు 2003లోనే చెప్పేసింది. చాలామంది ఏం చేశారు? సరుకు గేటు దాటే ముందు ట్యాగు అంటించి పంపేశారు. తమ గోడౌన్ పనికి దాన్ని వాడుకోనే లేదు. బలవంతం మీద వచ్చిన టెక్నాలజీ చాలాచోట్ల ఇలాగే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: మారడానికి ఆర్థిక సంవత్సరం మొదటి రోజే మంచిది.

వాస్తవం: ఓపెనింగ్ బ్యాలెన్సుల వరకు అది సులువే. కానీ పాత ఏడాది లెక్కలు ముగించడం, ఆడిటర్ల ప్రశ్నలు, కొత్త సిస్టమ్ టెస్టింగ్, అన్నీ అప్పుడే అకౌంట్స్‌లోని ఆ ఒకరిద్దరి మీదే పడతాయి. వ్యాపారం మందకొడిగా ఉండే నెల చూసుకుని, స్టాకు లెక్క పూర్తయ్యాక మారమంటాను.