రాయి లేని నేల మీద ఆల్ టెరైన్ టైర్లు

ఆల్ టెరైన్ టైర్ల ప్రకటనల్లో ఎప్పుడూ బండరాళ్లే కనిపిస్తాయి. ధవళేశ్వరం దిగువన రాయి కావాలంటే లారీలో తెప్పించుకోవాల్సిందే. ఇక్కడున్నదంతా గోదావరి మోసుకొచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి. రాళ్ల మీద నిలిచే గుణాలు చూసి టైరు కొంటే డెల్టాలో ఆ డబ్బులో సగం వృథా. మన బండి దిగబడేది ఎక్కడ, ఎందుకు అన్నది ముందు తేలాలి.

ఒక్క పూట ప్రయాణంలోనే మూడు రకాల నేలలు తగులుతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు తీరంలో ఇసుక. గౌతమి, వసిష్ఠ పాయల్లోని లంకల మీద మెత్తటి ఒండ్రు. వరిచేల చుట్టూ బంకమట్టి. ఇసుక రేణువు కంటికి కనిపిస్తుంది. బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది, పైగా పలకలా ఉంటుంది. పలకల మధ్య నీరు చేరితే అవి ఒకదాని మీద ఒకటి జారిపోతాయి.

చక్రానికి నేల ఇచ్చే పట్టు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి మట్టి తనను తాను అంటిపెట్టుకునే బలం. టైరు ఎంత వైశాల్యం మీద ఆనితే అది అంతగా అక్కరకొస్తుంది. రెండోది రేణువుల మధ్య రాపిడి. చక్రం మీద బరువు ఎంత ఉంటే అది అంత పెరుగుతుంది. పొడి ఇసుకలో అంటు బలం లేదు, ఉన్నదంతా రాపిడే. నీరు నిండిన బంకమట్టిలో ఇది పూర్తిగా తిరగబడుతుంది. చక్రం దాటిపోయే ఆ క్షణంలో నీరు బయటకు పోలేదు కాబట్టి బరువు పెంచినా రాపిడి పెరగదు. జారుతున్న బండి వెనకాల నలుగుర్ని ఎక్కించి తొక్కించడం ఇసుకలో కొంత, తారు మీద ఇంకొంత పనిచేస్తుందేమో గానీ తడి రేగడిలో ఎందుకూ కొరగాదు. బండి మరికాస్త కిందికి దిగుతుంది, అంతే.

ఆల్ టెరైన్ టైరు అంటే రాజీ టైరు. తారు రోడ్డు కోసం చేసే హైవే టైరులో గుబ్బలు దగ్గర దగ్గరగా ఉండి, సందులు సన్నగా ఉంటాయి. మడ్ టెరైన్ టైరులో పెద్ద గుబ్బలు, వెడల్పాటి సందులు. ఆల్ టెరైన్ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. కంకర మీద, తడి గడ్డి మీద, గ్రావెల్ వేసిన పుంతలో, వాన పడిన తారు మీద ఇది నమ్మకంగా నడుస్తుంది. భుజాల దగ్గర గుబ్బలు పక్కలకు కూడా దిగి ఉంటాయి గనుక ట్రాక్టర్లు లోతుగా చేసిన గాడిలోంచి పైకెక్కేటప్పుడు పనికొస్తాయి. పక్కగోడ మీద కొండ బొమ్మలో మంచురేకు గుర్తు ఉంటే మంచు పరీక్షలో నెగ్గిందని అర్థం. కోనసీమలో ఆ గుర్తుకు అదనంగా రూపాయి కూడా పెట్టనక్కర్లేదు.

అసలు చిక్కు తడి బంకమట్టితోనే. రెండు మూడు చుట్లు తిరిగేసరికి ఆల్ టెరైన్ సందులన్నీ మట్టితో నిండిపోతాయి. అప్పటి నుంచి నేలకు తగిలేది రబ్బరు కాదు, మట్టి పూసిన గుండు టైరు. చక్రం ఆ మట్టిని విసిరేయాలంటే వేగంగా తిరగాలి. విసురు బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. 245/75 ఆర్16 సైజు టైరు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తిరిగితే సందులోని మట్టి మీద భూమ్యాకర్షణకు రెండింతల బలం పడుతుంది. 30 కిలోమీటర్లకు అది పద్దెనిమిదింతలు. మడ్ టైరుకు సందులు వెడల్పు కాబట్టి తక్కువ వేగంలోనే శుభ్రపడుతుంది. ఆల్ టెరైన్‌కు ఇంజన్‌ని అరిపించాలి. పొలంలో అయితే అరిపించొచ్చు. కాలువ గట్టు మీద అరిపిస్తే బండి ఎటు పోతుందో చెప్పలేం.

వరిచేలో దిగబడితే ఏ టైరూ కాపాడదు. ఏటా దమ్ము చేయడం వల్ల పైమట్టి పేస్టులా అవుతుంది, దాని కింద 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతున గట్టి పొర ఏర్పడుతుంది. చేలో నీరు నిలిచేది ఆ పొర వల్లే. ట్రాక్టరుకు తగిలించే పంజరంలాంటి ఇనుప చక్రాలు, కేజ్ వీల్స్, ఆ పొర దాకా దిగి పట్టు సంపాదిస్తాయి. మహీంద్రా థార్ జీపు కింద ఖాళీ 226 మిల్లీమీటర్లు. పొర లోతుగా ఉన్నచోట చక్రాలు దాన్ని అందుకునేలోపే యాక్సిల్, కిందిభాగం బురదలో ఆని బండిని నిలబెట్టేస్తాయి.

దారి ఎండిందా లేదా తేల్చడానికి నేల శాస్త్రంలో ఒక పాత పరీక్ష ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ 1911లో ప్రతిపాదించిన పద్ధతి ఇది, ఇంజినీర్లు నేటికీ వాడుతున్నారు. గాడి అడుగున, పైపొర కింద నుంచి పిడికెడు మట్టి తీసి అరచేతుల మధ్య తాడులా పేనాలి. సుమారు 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చేసరికి పగిలి ముక్కలైతే మట్టి గట్టిపడింది, ఆల్ టెరైన్‌తో పోవచ్చు. ఇంకా సన్నగా సాగుతూనే ఉంటే ఆ మట్టి బండి బరువుకూ అలాగే సాగుతుంది. వేరే దారి చూసుకోవాలి, లేదా ఒక ఎండ కాసేదాకా ఆగాలి. పైపొరను మాత్రం నమ్మకూడదు. వరద తీసిన లంకల్లో ఒండ్రు పైన అప్పడంలా ఎండి, కింద జావగా ఉంటుంది.

కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి, చాలా దారులు వాటి గట్ల మీదుగానే పోతాయి. వాన పడిన మట్టి గట్టు మీద ప్రమాదం దిగబడటం కాదు, పక్కకు జారడం. గట్టు ఒక పక్కకు వాలి ఉంటే బండికి పక్క పట్టు కావాలి. చక్రం ఒక్కసారి స్పిన్ అయిందంటే ముందు పట్టూ పోతుంది, పక్క పట్టూ పోతుంది. అందుకే ఇక్కడ రెండు వెనక చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాక్ వేయడం చాలాసార్లు పొరపాటు. లాక్ లేకపోతే ఒక వెనక చక్రం తిరిగిపోయినా రెండోది నేలను పట్టుకుని వెనకభాగాన్ని నిలబెడుతుంది. లాక్ వేస్తే రెండూ కలిసి స్పిన్ అయి, వెనకభాగం కాలువ వైపు దిగుతుంది. బండిని ఫోర్ వీల్ ‘లో’ (తక్కువ వేగపు) రేంజిలో వేసి, రెండో గేరులో, యాక్సిలరేటర్‌ని నిలకడగా ఉంచి, బ్రేకు ముట్టకుండా పోవడమే మేలు. వాన తగ్గిన వెంటనే గట్టు అంచు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, బరువు పడితే విరుగుతుంది. చక్రాలను అంచు నుంచి లోపలికి ఉంచాలి.

ఇప్పుడు గాలి సంగతి. ట్రెడ్ (నేలకు ఆనే గుబ్బలు, సందుల భాగం) నమూనాల మీద గంటలు వాదించుకునేవాళ్లు గాలి గేజి మాత్రం కొనరు. డెల్టాలో ఆ గేజి చేసే పని ఏ ట్రెడ్ చేయలేదు. లెక్క తేలిక. 1,800 కిలోల బండికి చక్రం మీద సుమారు 450 కిలోలు పడతాయి. టైరు గాలి ఒత్తిడిని పీఎస్ఐలో, అంటే చదరపు అంగుళానికి పౌండ్లలో కొలుస్తారు; 32 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోలు. పక్కగోడ బిగువును పక్కన పెడితే టైరు 200 చదరపు సెంటీమీటర్ల మీద ఆనాలి. గాలిని 16కు దించితే 400. ఆ పెరుగుదల ఎక్కువగా పొడవులో వస్తుంది, వెడల్పులో కాదు. ఇసుకలో కావలసింది కూడా పొడవే. ముందున్న ఇసుకను గుట్టలా తోసుకుంటూ పోకుండా టైరు దాని మీదికి ఎక్కుతుంది.

తారు మీద డోరు దగ్గర అంటించిన స్టిక్కరు చెప్పిన గాలి ఉంచాలి. గ్రావెల్ పుంతకు 26 నుంచి 28, తడి మట్టి గట్టుకు 22 నుంచి 25, పొడి ఇసుకకు 15 నుంచి 18. ఇసుకలో 18తో మొదలుపెట్టి, చాలకపోతే ఒక్కొక్కటే దించుకుంటూ పోవాలి. 15 కంటే తగ్గితే పదునైన మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడొచ్చు. సందులోకి సన్న ఇసుక దూరి గాలి కారడమూ అప్పుడే. తగ్గించిన గాలితో గంటకు 25, 30 కిలోమీటర్లు దాటకూడదు. తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. ఆ నెలల్లో పోటుగీత పైన ఉన్న ఇసుక మీదికి బండి ఎక్కించకూడదు.

తారెక్కగానే గాలి నింపకపోతే రెండు దెబ్బలు. మెత్తని టైరు ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. మే నెల ఎండలో 216 జాతీయ రహదారి మీద అలా పరుగెత్తితే పక్కగోడ లోపలి పొరలు విడిపోతాయి. రెండోది వాన నీళ్లు. అరిగిన టైరు నిలిచిన నీటి మీద ఏ వేగానికి తేలుతుందో చెప్పే సూత్రం ఒకటి 1960లలో నాసా విమాన చక్రాల పరిశోధనలో వచ్చింది. పీఎస్ఐ వర్గమూలాన్ని 16.7తో హెచ్చిస్తే గంటకు కిలోమీటర్లలో ఆ వేగం వస్తుంది. 32 పీఎస్ఐకి 94, 18కి దాదాపు 70. కొత్త టైరు సందులు నీటిని తోసేస్తాయి కాబట్టి దానికి మరికొంత వెసులుబాటు ఉంటుంది.

గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే చూడాలి. లోపలి గాలి 20 డిగ్రీలు వేడెక్కితే 32 కాస్తా 35 అవుతుంది. ఎక్కువైందని తీసేస్తే రాత్రికి తక్కువవుతుంది.

కొనేటప్పుడు సైజు దగ్గర ఆశకు పోవద్దు. బొలెరో 215/75 ఆర్15 వ్యాసం 703 మిల్లీమీటర్లు, 235/75 ఆర్15 అయితే 733. కింద ఖాళీ పెరిగేది అందులో సగం, 15 మిల్లీమీటర్లే. స్పీడోమీటరు మాత్రం 80 చూపిస్తుంటే బండి 83లో ఉంటుంది. గేరింగు బరువెక్కుతుంది, స్టీరింగు తిప్పితే ఫెండర్‌కు రాసుకోవచ్చు. కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, క్లెయిము రోజున బీమా వాళ్లకు అది గుర్తొస్తుంది. అదే మోడల్‌లో పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజు దాకా వెళ్తే చాలు. రిమ్ము 18 అంగుళాల కంటే 16 మేలు, పక్కగోడ ఎత్తుగా ఉండి గాలి దించినప్పుడు వంగే చోటు ఎక్కువ.

పక్కగోడ మీద లోడ్ ఇండెక్స్, అంటే టైరు మోయగల బరువును చెప్పే అంకె, పాత టైరుకు తగ్గకూడదు. 100 అంటే 800 కిలోలు, 109 అంటే 1,030. సైజు ముందు ఎల్‌టీ అని ఉన్నవి లైట్ ట్రక్కులకు చేసిన మందపాటి టైర్లు. పదునైన రాళ్లకు అవి అక్కరకొస్తాయి. రాళ్లే లేని చోట వాటి బరువు, బిగువు, తాగే డీజిలు దండగ, పైగా గాలి దించినా సరిగా వంగవు. నాలుగంకెల తయారీ తేదీ కూడా చూడాలి. 2324 అంటే 2024లో 23వ వారం. వారంలో చాలా రోజులు చెరువు గట్ల మీదే తిరిగే రొయ్య రైతుకు మడ్ టైర్లే సరి, మోతను భరించగలిగితే. మిగతా అందరికీ ఆల్ టెరైన్ చాలు.

బిగించాక 100 కిలోమీటర్లకు నట్లు మళ్లీ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపుకు) చూసుకోవాలి. ఆరేడు వేల కిలోమీటర్లకోసారి స్టెప్నీతో సహా అయిదు టైర్లనూ ఒకదాని చోటికి మరొకటి మార్చుకుంటూ ఉండాలి. కొత్త టైరులో 12 మిల్లీమీటర్ల ట్రెడ్ ఉండి, పక్కది 5కి అరిగి ఉంటే వ్యాసంలో 14 మిల్లీమీటర్ల తేడా. ఫోర్ వీల్‌లో ఆ తేడా అంతా ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు గానీ, ఆల్ టెరైన్‌కి మట్టిలో పట్టు అంతకన్నా చాలా ముందే పోతుంది.

తారెక్కాక 60 దాటగానే స్టీరింగు వణికితే బ్యాలెన్సింగ్ షాపుకు పరుగెత్తకండి. రిమ్ము లోపలివైపు ఎండిన మట్టిగడ్డ అంటుకుని ఉంటుంది, నీళ్లు గట్టిగా కొడితే పోతుంది. తీరం నుంచి, ఉప్పునీటి చెరువుల నుంచి వచ్చిన రోజే రిమ్ములు, వాల్వులు మంచినీళ్లతో కడగాలి. ఉప్పుకు ఇనుప రిమ్ము అంచు తుప్పు పట్టి గాలి మెల్లగా కారుతుంది. లోహపు వాల్వు మూతలు పట్టేసి ఊడిరావు, ప్లాస్టిక్‌వి వేసుకోవాలి. సరుగుడు తోటల్లో నరికిన మోళ్లు పక్కగోడను చీలుస్తాయి. అక్కడ పంక్చర్ ప్లగ్ నిలవదు, టైరు మార్చాల్సిందే. ట్రెడ్‌లో 6 మిల్లీమీటర్ల లోపు చిల్లుకైతే లోపలి నుంచి ప్యాచ్ వేయించాలి.

గాలి నింపే కంప్రెసర్ బ్యాటరీకి క్లిప్పులతో తగిలించేదై ఉండాలి. 245/75 టైరును 16 నుంచి 32కు తేవాలంటే ఇంచుమించు 70 లీటర్ల బయటి గాలి కుక్కాలి, నాలుగింటికి 280. సిగరెట్ సాకెట్‌కు పెట్టే చిన్న కంప్రెసర్ రెండో టైరుకే కాలిపోయేంత వేడెక్కుతుంది, లేదా ఫ్యూజు ఎగురుతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఒక్కో టైరు తర్వాత దానికి కాసేపు విరామం ఇవ్వాలి.