ఇంట్లో డీజే సెటప్, స్టూడియో మానిటర్లు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లలో డీజే సెటప్‌లు బిగించడం నా పని. "అన్నా, కొత్త మానిటర్ పోయింది" అని ఫోన్ వస్తే ముందు అడిగేది కేబుల్ ఏదని. మానిటర్ అంటే ఇక్కడ స్క్రీన్ కాదు, స్టూడియో స్పీకర్. చాలాసార్లు ఆ స్పీకర్ బాగానే ఉంటుంది.

అపోహ: స్టీరియో సౌండ్ రావాలంటే ఒక స్టీరియో కేబుల్ చాలు.

కోఠి గుజరాతీ గల్లీలో 'పీ-38 స్టీరియో' అని అడిగితే మీద రెండు నల్ల గీతలున్న పిన్ను ఇస్తారు. టీఆర్‌ఎస్ అంటే ఇదే. పార్టీ కాదు, టిప్ (పిన్ను కొన), రింగ్ (మధ్య పట్టీ), స్లీవ్ (మొదలు). పేరు స్టీరియోదే అయినా ఒక్కో మానిటర్‌కి వెళ్లేది మోనో సిగ్నలే, కాబట్టి ఎడమకు ఒక కేబుల్, కుడికి ఒకటి కావాలి. ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కి బయట పెట్టే సౌండ్ కార్డ్) బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో టిప్ మీద సిగ్నల్, రింగ్ మీద దాని తిరగేసిన రూపం ఉంటాయి. మానిటర్ ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తుంది. దారిలో రెండు వైర్ల మీదా సమానంగా పడిన నాయిస్ ఆ తీసివేతలోనే పోతుంది.

అదే కేబుల్‌ని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఒక మానిటర్‌కి పెట్టారనుకోండి. ఇప్పుడు టిప్ మీద ఎడమ ఛానల్, రింగ్ మీద కుడి ఛానల్ ఉంటాయి. మానిటర్‌కి ఆ సంగతి తెలీదు, ఎప్పట్లాగే తీసేస్తుంది. రెండు ఛానళ్లలోనూ ఒకేలా ఉండే కిక్ (డ్రమ్ దెబ్బ), బేస్, గొంతు దాదాపు మాయమై రివర్బ్ (ప్రతిధ్వని), ఎడమ కుడి అంచుల్లో ఉన్న సింథ్ మిగులుతాయి. తీన్మార్ వేస్తే దెబ్బే వినపడదు! 'మానిటర్ పోయింది' అనే ఫోన్లలో ఎక్కువ ఇవే.

అపోహ: కంట్రోలర్ ఉన్నా ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాల్సిందే.

డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటి డీజే కంట్రోలర్లలో (పాటలు కలిపే డెక్‌లు) సౌండ్ కార్డ్ లోపలే ఉంటుంది. మాస్టర్ ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే సాకెట్లు) నుంచి నేరుగా మానిటర్లకు ఇవ్వొచ్చు. స్కార్లెట్ 2ఐ2 లాంటి రెండు అవుట్‌పుట్ల ఇంటర్‌ఫేస్ మీద మిక్స్ చేస్తే అసలు చిక్కు క్యూతోనే (తర్వాతి పాటను హెడ్‌ఫోన్‌లో ముందే వినడం): స్పీకర్లలో వచ్చేదే హెడ్‌ఫోన్‌లోనూ వస్తుంది. తర్వాతి పాట విడిగా వినాలంటే నాలుగు అవుట్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ ఉండాలి.

అపోహ: ఆర్‌సీఏ అంటే నాసిరకం.

రెండు మూడు మీటర్ల లోపు ఏ ఇబ్బందీ ఉండదు. లెవెల్ మాత్రం తక్కువ. ఆర్‌సీఏ మామూలుగా -10 డీబీవీ, ప్రొఫెషనల్ లైన్ +4 డీబీయూ. రెండూ వేర్వేరు కొలతలు కాబట్టి తేడా 14 కాదు, దాదాపు 12 డీబీ. మానిటర్ వెనక గెయిన్ కాస్త పెంచుకుంటే సరి.

అపోహ: గుయ్యిమని హమ్ వస్తుంటే ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుంది.

పోవచ్చు, దాంతోపాటు మీ ప్రాణానికి ఉన్న రక్షణ కూడా పోతుంది. కరెంటు లీకైతే మానిటర్ వెనక ప్లేటే షాక్ కొడుతుంది. ఎవరు చెప్పినా చేయొద్దు. ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. హమ్ ఆగితే గ్రౌండ్ లూప్ (రెండు ఎర్త్ దారుల మధ్య కరెంటు తిరగడం) అన్నమాట. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టండి, వీలైన చోట బ్యాలెన్స్‌డ్ కేబుల్ వాడండి. ఆర్‌సీఏ తప్పకపోతే ఆ ఆడియో లైన్ మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి.

అపోహ: కింద ఫోమ్ ప్యాడ్లు వేస్తే కింది ఫ్లాట్‌కి బేస్ వినపడదు.

ఫోమ్ ఆపేది టేబుల్ వణుకుని. గాలిలో వెళ్లే బేస్‌ని అది పట్టదు. పైగా మన బెడ్రూముల సైజు కూడా కలిసిరాదు: పదడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడలకు తగిలి తిరుగుతూ అక్కడే నిలబడిపోతుంది (స్టాండింగ్ వేవ్), అంటే సరిగ్గా కిక్ ఉండే చోట. గది మధ్యలో కూర్చుని బేస్ చాలట్లేదని పెంచుతూ పోతారు, గోడ పక్కన మాత్రం అది దడదడలాడుతుంటుంది. కుర్చీ ఒకడుగు ముందుకో వెనక్కో జరిపి చూడండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో పరిమితి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. ఆ టైంలో హెడ్‌ఫోన్సే మేలు.

అపోహ: స్విచ్‌లు ఏ వరసలో వేసినా ఒకటే.

కాదు. మానిటర్లు చివర్లో ఆన్ చేయాలి, ముందుగా ఆఫ్ చేయాలి. లేకపోతే మిగతావి ఆన్, ఆఫ్ అయినప్పుడు 'ధబ్'మన్న ప్రతిసారీ ఆ దెబ్బ వూఫర్‌కే.