చైనా రహస్య సంఘాలు: అసలు మలుపు సింగపూర్‌లో

కంబోడియా సైబర్ మోసాల వార్త వచ్చిన ప్రతిసారీ "చైనావాళ్ల రహస్య సంఘాలు మొదట్నుంచీ ముఠాలే కదా" అనేవాళ్లు కనిపిస్తారు. మకావ్ ముఠా నాయకుడు వాన్ కువోక్‌కోయ్‌పైనా, పాత చైనా రహస్య సంఘాల పేరైన 'హాంగ్‌మెన్' పెట్టుకుని కంబోడియాలో అతను నడిపిన సంఘంపైనా 2020 డిసెంబర్‌లో అమెరికా ఆంక్షలు పెట్టాక ఆ మాటకు బలం పెరిగింది. ఏజెంట్లను నమ్మి అక్కడ చిక్కుకుపోయిన విశాఖ కుర్రాళ్ల గురించి 2024లో చదివినవాళ్లకు కోపం రావడం న్యాయమే. అయినా "మొదట్నుంచీ" అన్న మాట తప్పు.

చైనాలో చింగ్ రాజవంశాన్ని దించి మింగ్ రాజవంశాన్ని నిలబెట్టడానికే ఈ సంఘాలు పుట్టాయన్న కథ అందరూ చెప్పేదే, వదిలేద్దాం. చూడాల్సింది 1877 నుంచి 1890 దాకా బ్రిటిష్ పాలనలోని సింగపూర్‌లో ఏం జరిగిందో.

అప్పటి చైనా కూలీ చాలాసార్లు ఓడ ఛార్జీ కూడా అప్పు మీదే వచ్చేవాడు. ఆ అప్పు ఎవరో ఒక యజమాని కట్టేదాకా అతన్ని కదలనిచ్చేవారు కాదు, కట్టాక మిరియాల తోటకో తగరం గనికో పంపేవారు. కోర్టు భాష రాదు, అయినవాళ్లు లేరు. జబ్బు చేస్తే చూడ్డానికి, తగువు తీర్చడానికి, చస్తే దిక్కులేని శవంగా పోకుండా పాతిపెట్టడానికి గీ హిన్ లాంటి రహస్య సంఘమే ఉండేది. అదే సంఘాలు జూదం, నల్లమందు మీద బతికాయి, కూలీల వ్యాపారంలోనూ వేలు పెట్టాయి, 1867లో మలయా తీరంలోని పెనాంగ్ దీవిని రోజుల తరబడి రణరంగం చేశాయి. ఇదీ నిజమే.

1877లో చైనావాళ్ల వ్యవహారాలు చూసే ఆఫీసు పెట్టి, చైనీస్ బాగా మాట్లాడే విలియం పికరింగ్‌కు అప్పగించారు. కూలీలను విచారించడం, సంఘాలను రిజిస్టర్ చేయడం, గొడవైతే పెద్దలను పిలిపించి నిలదీయడం అతని పద్ధతి. పికరింగ్ జూదం మీద విరుచుకుపడ్డాక, 1887లో ఒక వడ్రంగి ఆఫీసులోకే వచ్చి అతని మీద గొడ్డలి విసిరాడు. పికరింగ్ మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. గవర్నర్ సెసిల్ క్లెమెంటి స్మిత్ మాత్రం సంఘాలను మొత్తంగా రద్దు చేయాలని పట్టుబట్టాడు, 1889లో చట్టం చేయించాడు, అది 1890లో అమలైంది.

నా దృష్టిలో దెబ్బ పడింది అక్కడే. పిలిస్తే వచ్చి జవాబు చెప్పే పెద్దలు పోయారు, చిన్న చిన్న గుంపులు మిగిలాయి. సాయం చేసే పనిని ఊరి సంఘాలు, ఇంటిపేరు సంఘాలు అందుకున్నాయి, దందా మాత్రం ఆ గుంపుల చేతిలో ఉండిపోయింది. వాన్ సంఘం పుట్టింది 2018లో. నూట ఇరవై ఏళ్లకు పైగా ముందే రద్దయిన గీ హిన్ ఖాతాలో దాని పనులు రాయడం, ఆ సంఘం పాతిపెట్టిన అనామక కూలీలకు అన్యాయం చేయడమే.