నిద్ర ఆపే బిళ్ళ గురించి

పిల్లలూ,

మొన్న ఒంగోలు హాస్టల్ నుంచి చిన్నోడు ఫోన్ చేసి అడిగాడు: "అమ్మమ్మా, నిద్ర రాకుండా చేసే బిళ్ళలు ఉన్నాయంట గదా, పరీక్షల ముందర వాడుకోవచ్చా?" వద్దు అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తే నీకు సంగతి తెలియదు, ఇంకొకరిని అడుగుతావు. నెల్లూరులో నర్సింగ్ చదివే మీ అక్కకి కూడా నైట్ డ్యూటీలు మొదలయ్యాయి. అందుకని ఇద్దరికీ కలిపి రాస్తున్నా. మీ స్నేహితులకు కూడా చదివి వినిపించండి.

అలాంటి బిళ్ళలు నిజంగానే ఉన్నాయి. మొడాఫినిల్ ఒకటి, మిథైల్‌ఫెనిడేట్ ఒకటి. పగటిపూట మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయే నార్కోలెప్సీ అనే జబ్బుంది. మనసు ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ అనే సమస్య ఉంది. అవి ఉన్నవాళ్ళకి ఈ మందులు చాలా మేలు చేస్తాయి. మీ క్లాసులో ఎవరైనా డాక్టరు రాసిస్తే వాడుతుంటే వాళ్ళని వింతగా చూడొద్దు, వాళ్ళ బిళ్ళ మీరు అడగొద్దు. మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో మత్తుమందులను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందు. చీటీ లేకుండా చేతులు మారకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ కళ్ళు మూతలు పడతాయి. నిద్రపోతేనే అది తగ్గుతుంది. కాఫీలో ఉండే కెఫీన్, అడినోసిన్ కూర్చోవాల్సిన చోట తాను పోయి కూర్చుంటుంది. మెదడుకి కబురు అందదు, అంతే. అడినోసిన్ మాత్రం అట్లాగే ఉంటుంది, పెరుగుతూ ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఖర్చు కావడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు తాగిన స్ట్రాంగ్ కాఫీ రాత్రి 11 గంటలకు కూడా సగం లోపలే ఉందన్నమాట. మొడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ దారి వేరు, అవి మెదడులో హుషారు పుట్టించే డోపమైన్ అనే పదార్థాన్ని ఎక్కువసేపు నిలబెడతాయి. ఏ దారిన పోయినా నిద్ర అవసరం తీరిపోదు. అది మనకి తెలియకుండా పోతుంది.

నాకు భయం పుట్టించేది ఇక్కడే. 64 గంటలు నిద్ర లేకుండా ఉంచినవాళ్ళ మీద కెనడాలో చేసిన పరిశోధన ఒకటి 1997లో అచ్చయింది. మొడాఫినిల్ తీసుకున్నవాళ్ళు తాము ఉన్నదానికంటే బాగా చేస్తున్నామని అనుకున్నారు. పనిలో సాయం దొరికింది గానీ తమ మీద తమకి ఉండాల్సిన లెక్క తప్పింది. ఒరేయ్ చిన్నోడా, పరీక్ష హాల్లో తప్పు జవాబు పెట్టి "ఇది కచ్చితంగా కరెక్టే" అనుకునే పిల్లవాడిని ఊహించుకో. ఆవులింతలు వస్తున్నవాడు కనీసం రెండోసారి చదువుతాడు.

ఇంకొకటి. చదివింది పుస్తకం మూసిన నిమిషానే బుర్రలో స్థిరపడదు. పగలు హిప్పోకాంపస్ అనే భాగం పట్టుకున్నదాన్ని గాఢనిద్రలో మెదడు మళ్ళీ తిరగేసి, ఎక్కువకాలం నిలిచేలా సర్దుకుంటుంది. బిళ్ళ వేసుకుని తెల్లార్లూ చదివితే పేజీలు తిరుగుతాయి, ఆ సర్దే పని ఆగిపోతుంది. చిన్నోడా, నీ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. హాస్టల్ టైంటేబుల్లో అది కుదరదని నాకు తెలుసు. అది పెద్దవాళ్ళ తప్పు, దాన్ని బిళ్ళతో మీరు సరిచెయ్యలేరు.

మా నాయన టంగుటూరు పక్కన పొగాకు వేసేవాడు. ఆకుని వేడితో ఆరబెట్టే గది, బ్యారన్‌లోకి ఆకు ఎక్కించాక ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట చూడాలి. ముందు తక్కువ వేడిలో ఆకు పసుపు పట్టాలి, తర్వాత ఆకు ఆరాలి, చివరికి ఈనె ఆరాలి. వేడి తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే ఉడుకుతుంది, కునుకు తీస్తే బ్యారన్ అంటుకుంటుంది. అంత పనిలో కూడా మా నాయన, చిన్నాయన వంతులు వేసుకున్నారే తప్ప ఇద్దరూ కలిసి ఎప్పుడూ మేలుకోలేదు. ఒకడు మంచం మీద ఉంటేనే ఇంకొకడు పొయ్యి దగ్గర పనికొస్తాడని వాళ్ళకి తెలుసు.

సైన్యాలు ఈ వంతులు ఎగ్గొట్టాలని చూశాయి. జర్మనీలో 1938లో పెర్విటిన్ అనే బిళ్ళ వచ్చింది. అది మెథాంఫెటమిన్, గట్టిగా హుషారెక్కించి అలవాటు చేసే మందు. 1940 యుద్ధంలో సైనికులకి విపరీతంగా పంచారు. అలవాటు పడిపోవడం, తర్వాత కుదేలవడం చూసి 1941లో ఆ దేశమే దాన్ని నల్లమందు చట్టం కిందికి తెచ్చింది.

ఇప్పటికే ఎవరైనా వాడి ఉంటే నేను తిట్టను. గుండె దడదడలాడినా, ఒంటి మీద దద్దుర్లు లేచినా, నోట్లో పుండ్లు పడినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి ఏ బిళ్ళ వేసుకున్నారో దాచకుండా చెప్పండి. మొడాఫినిల్‌తో చర్మం ఊడిపోయేంత ప్రమాదం అరుదుగా వస్తుంది. అరుదే గానీ ప్రాణం మీదికి తెస్తుంది.

అమ్మడూ, నీకు. నైట్ డ్యూటీకి ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకో. డ్యూటీలో వీలు దొరికితే చిన్న కాఫీ తాగి వెంటనే 20 నిమిషాలు కళ్ళు మూసుకో, లేచేసరికి కెఫీన్ పని మొదలుపెడుతుంది. తెల్లవారుజామున ఇంజెక్షన్ డోసు లెక్కేసేటప్పుడు పక్కనున్న సిస్టర్‌ని కూడా ఒకసారి చూడమను. పొద్దున స్కూటీ మాత్రం తియ్యొద్దు. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని పరిశోధనలు చెప్పాయి. మన చట్టం బండి నడపడానికి పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. నువ్వు చేసేది హైవే ప్రయాణం. బస్సెక్కు, కిటికీ పక్కన సీటు దొరికితే నిద్రపో, దిగాల్సిన చోటు కండక్టర్‌కి ముందే చెప్పు.

మీ అమ్మమ్మ