ల్యాప్‌టాప్ వేగానికి వేసిన కళ్లెం: అపోహలు - వాస్తవాలు

"కొత్తది కొనిపించడానికి కంపెనీలే వేగం తగ్గిస్తాయి, ఆ తాళం తీసేస్తే చాలు." నెల్లూరులో నా రిపేరు షాపులో ఈ మాట వినని వారం లేదు. ఎక్కువ మందిని ముంచేది ఈ నమ్మకమే.

ప్రాసెసర్ 800 మెగాహెర్ట్జ్ దగ్గరే, అంటే బాగా తక్కువ వేగంలో, ఉండిపోతోందంటే, చాలాసార్లు బోర్డు మీది మరో భాగం దాన్ని ఆపుతోందని అర్థం. అలా ఆపమని ప్రాసెసర్‌కు వెళ్లే సంకేతమే బీడీ ప్రోక్‌హాట్ (BD PROCHOT). కరెంటు అందించే భాగాలు వేడెక్కినా, బ్యాటరీ బలహీనపడినా, చార్జర్‌ను ల్యాప్‌టాప్ గుర్తించకపోయినా అది రావచ్చు. ప్రాసెసర్ వేగం సెట్టింగులు మార్చే త్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంలో దాని టిక్కు తీసేస్తే సంకేతం ప్రాసెసర్‌కు వినబడదు, అంతే. జబ్బు అలాగే ఉంటుంది.

మొన్న రోహిణి కార్తెలో కావలి నుంచి ఒక ఇంజినీరింగ్ అమ్మాయి తండ్రితో వచ్చింది. 130 వాట్ల చార్జర్ బస్సులో పోతే, చవకగా 65 వాట్లది కొన్నారు. ల్యాప్‌టాప్ నత్తనడక నడిచింది. "వీడియోలో చెప్పినట్టే ఆ టిక్కు తీసేశాను అన్నా" అంది, కళ్లలో నీళ్లతో. మూడు వారాలు బాగానే పరిగెత్తిందట. నేను చూసేసరికి చార్జర్ మొన నల్లబడి ఉంది, ల్యాప్‌టాప్ వైపు సాకెట్ ప్లాస్టిక్ కరిగి పిన్ను పక్కకు ఒరిగింది. ఆ పిల్ల తప్పేముంది? ప్రాజెక్టు గడువు దగ్గరపడిన భయంలో ఉంది. కారణం అడగకుండా టిక్కు తీసేయమని చెప్పేవాళ్ల మీదే నా కోపం.

"వేడి 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కదా" అంటారు. నిజమే, టిక్కు తీసినా ఆ రక్షణ పోదు. కానీ అది కాపాడేది ప్రాసెసర్‌ను. చుట్టూ ఉన్న మాస్‌ఫెట్లను (కరెంటు అందించే చిన్న భాగాలను), చార్జర్ సాకెట్‌ను కాదు.

వేడి తగ్గాలని ఇలాంటి టూళ్లతో ప్రాసెసర్ వోల్టేజీ తగ్గిస్తే చిప్ కాలిపోతుందనేది ఒట్టి పుకారు. మరీ తగ్గిస్తే హ్యాంగ్ అవుతుంది. వోల్టేజీ మార్చి ప్రాసెసర్ భద్రతను దెబ్బతీయగల ప్లండర్‌వోల్ట్ అనే లోపం 2019లో బయటపడ్డాక చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ సదుపాయాన్నే మూసేశారు. ఇలాంటి టూళ్లు ప్రమాదం లేనివన్నదీ అపోహే: త్రాటిల్‌స్టాప్ డ్రైవరులోని లోపాన్ని వాడుకుని దుండగులు యాంటీవైరస్‌ను ఆపేశారని 2025లో తేలింది.

ఇప్పటికే టిక్కు తీసినవారు కంగారు పడకండి, తిరిగి పెట్టండి. చార్జర్ మీది వాట్లు చూడండి. కొన్ని మోడళ్లలో బయోస్‌లోనే (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో) చార్జర్ వివరం కనిపిస్తుంది. అక్కడ గుర్తించలేదని ఉంటే, ముందు తెలిసినవారి దగ్గర అసలు చార్జర్ అడిగి పెట్టి చూడండి.